పెన్సిల్‌తో రాసిన చరణం

నాకు అన్నిటికంటే పెద్ద భయం, నేనాడిన ఒక అబద్ధం నా బిడ్డకు తగులుతుందేమోనని. ఆ మాట చెప్పడానికే కాబోలు, కడపలో మా అమ్మను కన్న నానీ వంటింట్లో నిలబడి ఉన్నాను, బియ్యం డబ్బాలుండే అలమార నిండా అరబ్బీ గ్రంథాలున్నాయి, కిటికీ బయట మా సందుకు బదులు హాలండులో, నేను అక్కలా ఆపా అని పిలిచే హానెకె పుట్టిన ఊరి కాలువ పారుతోంది, పోయిన రంజాన్‌లో చనిపోయిన ఆపా మాత్రం పీట మీద కూర్చుని, ఊయల తాడు కాలి బొటనవేలికి తగిలించుకుని, ఊపుతూ రాసుకుంటోంది.

"ఏం తస్లీమ్, చిక్కిపోయినావు. తినడంల్యా?" ఆమె తెలుగంతా మా నానీ దగ్గర నేర్చుకున్నదే.

"పాప తిననిస్తే కదా ఆపా."

ఇస్లాం గురించి నలభై ఏళ్లు చదివిన మనిషి. కైరోలో, ఇస్తాంబుల్‌లో పాత రాతప్రతులు తిరగేసి నాలుగు పుస్తకాలు రాసి, ఐదోదానికి ఆడవాళ్ల పాటలు కావాలని మా ఇంటికొచ్చింది. ఎనిమిదో తరగతితో బడి మానేసిన నేను వాటికి అర్థాలు చెప్పేదాన్ని.

"మాతో చదివిన పండితులు నవ్వినార్లే, ముసల్ది గ్రంథాలు మూసేసి వంటిళ్లలో దూరిందని," అంటుంది, నా మనసులో మాట పైకి వినబడినట్టే.

ప్రతి పాట కిందా ఎవరి నోట విన్నదో, వాళ్లెవరి నోట విన్నారో వరసగా రాస్తుంది. ప్రవక్త మాట చెప్పే హదీసుకైనా జోలపాటకైనా ఆ వరసే ప్రాణమనేది. ఇప్పుడు చేతిలోని అట్టముక్క చదువుతుంది: "నేను కునుకు తీసినా నీ ఊయల తాడు పట్టేవాళ్లున్నారు తల్లీ." కింద మా నానీ పేరు.

"అది నానీది కాదు ఆపా. నానీ పోయినాక మీరు చివరి చరణం అడిగితే, మర్చిపోయినానని చెప్పడానికి సిగ్గేసి నేనే కట్టినా. పాప పుట్టినప్పట్నుంచి ఆ పాట నోట్లోకి రావడంల్యా. పాపకు తగుల్తుందేమోనని."

"నలభై ఏండ్లు వెతికినా, తల్లి అబద్ధం బిడ్డకు తగుల్తుందని నాకు ఏ వరసలోనూ దొరకల్యా." కాలువ నీళ్లు గడప దాటి మా పాదాల కిందికొస్తాయి, తడి మాత్రం తగలదు. "నాకు తెలుసులే. మీ నానీ తన కునుకు గురించి ఎప్పుడు దిగులుపడింది? అందుకే ఆ పేరు చెరిపేందుకు వీలుగా పెన్సిల్‌తో రాసినా. ఎవరి పేరు పెట్టాల?"

"తస్లీమ్," అంటాను.

"మరి అసలు చరణం? మీ నానీతో తిరగలి తిప్పిన జైతూన్ బీకి వచ్చు. అడగకుండానే నేను పోతిని." తాడు వేలికి సర్దుకుంటుంది. "సరే, నీది పాడు. ఇది నేను పట్టుకుంటా."

పాడుతూనే మేలుకున్నాను. రాయచోటిలో మా ఇల్లు, మధ్యాహ్నం మూడు. పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను, వెచ్చగా ఊపిరి తగిలింది. తాడు నా చేతిలోంచి ఎప్పుడు జారిందో, నేల మీద పడి ఉంది. ఊయల మాత్రం ఇంకా మెల్లగా ఊగుతోంది.

పసిబిడ్డతో నేను ఇప్పట్లో కదల్లేను. ఇది చదివినవాళ్లెవరైనా కడప వెళితే, దర్గా వెనక సందులో జైతూన్ బీ ఇల్లు అడగండి. ఎనభై దాటాయి, ఒంటరిగా ఉంటుంది. ఒకసారి చూసి రండి. పాట సంగతి తరవాత, ముందు అన్నం తిన్నదో లేదో అడగండి.