పచ్చివాసన సెంటు

మా సెంటు కంపెనీలో ముక్కునే నమ్ముకుని బతికేది నేనొక్కదాన్నే. ఇరవై రెండేళ్లుగా సీసాల మధ్యే ఉన్నాను. వాసన సబ్బు రుద్దుకోను, తలకు నూనె రాసుకోను, పని ఉన్న రోజు ఉల్లిపాయ ముట్టను. ఇంత నిష్ఠగా ఉన్నా నాకు పేరొచ్చింది మాత్రం ముక్కు మీది కోపానికే.

ఈ వేసవికి ఆడవాళ్ల కోసం ఒక సెంటు తయారు చేశాను. టమాటా ఆకును వేళ్లతో నలిపితే వచ్చే ఘాటు, అప్పుడే తుంచిన కలువ కాడ, వెనకాల ఎక్కడో సన్నజాజి. ఎండన పడి వచ్చిన మనిషి చన్నీళ్లతో మొహం కడుక్కున్నట్టుండాలని పట్టుబట్టి కూర్చుంటే పదకొండు నెలలు పట్టింది.

యజమాని అల్లుడుగారు కొత్తగా మేనేజరయ్యారు. చల్లటి గదిలో కూర్చుని, కాగితపు ముక్కకు అద్దిన సెంటును ఒక్కసారి వాసన చూసి పెదవి విరిచారు. పచ్చివాసన వస్తోందట, గడ్డి కోసినట్టుందట. ఆడవాళ్లకు తీపి ఇష్టమట. ఆయనకెవరు చెప్పారో! బయట ఎవరిచేతో దానికి చక్కెర పాకం వాసన కలిపించి, ఇదే అమ్ముదాం, సంతకం పెట్టమని కాగితం నా ముందుకు తోశారు. మా దగ్గర నా సంతకం లేనిదే ఏ సెంటూ సీసాలోకి దిగదు. నేను లేకపోతే, నా కింద సరిచూసే మా మరదలి సంతకం చెల్లుతుంది. యజమాని పెద్దాయన పెట్టిన పద్ధతి అది.

నేను పెట్టనన్నాను.

మరదలంటే మా తమ్ముడి భార్య. భోజనాల వేళ నా కాళ్లావేళ్లా పడింది. "వదినా, ఒక్క గీత గీసి పారెయ్. మనిద్దరి ఉద్యోగాలూ పోతే ఇల్లెలా గడుస్తుంది?" తమ్ముడు నడుం దెబ్బతిని మంచం మీదున్నాడు. ఆమె భయంలో అబద్ధం లేదు. జాలేసింది. అయినా పెట్టలేదు. నా పదకొండు నెలల పనికి పాకం పూసి నా సంతకంతో అమ్ముతానంటే నేనొప్పుకోను.

అల్లుడుగారిని ఒక్కటే అడిగాను. కాగితానికి చెమట పట్టదు కదా, ఒంటి మీద చూద్దామన్నాను. ఆయన నవ్వి సరేనన్నారు. మర్నాడు పదింటికి ప్యాకింగ్ గదిలో పదహారుమంది ఆడవాళ్లకు ఎడమ మణికట్టు మీద నాది, కుడి మణికట్టు మీద ఆయనది పూశాం. ఏది ఎవరిదో చెప్పలేదు. ఆ గదికి రేకుల కప్పు. మధ్యాహ్నం రెండింటికి వెళ్లేసరికి పద్నాలుగుమంది కుడిచేతులు కడిగేసుకున్నారు. జిడ్డుగా ఉందన్నారు, తల తిరుగుతోందన్నారు. ఒకావిడైతే ఈగలు ముసురుతున్నాయని ఆయన మొహం మీదే చెప్పింది. ఎడమచేతులు మాత్రం ఒకరివొకరు వాసన చూసుకుంటున్నారు.

అల్లుడుగారి మొహం మాడిపోయింది గానీ మనిషి మెత్తబడలేదు. నన్నూ మరదల్నీ తన గదికి పిలిచారు. "ప్యాకింగ్ వాళ్లు చెబితే నేను వినాలా? సంతకం పెట్టు."

అసలు గొడవ వాసన గురించి కాదని అప్పుడు తెలిసింది నాకు. ఒళ్లు మండిపోయింది.

"పెట్టనండి. కావాలంటే నన్ను తీసేయండి," అన్నాను.

ఆయన నా వంక చూడనైనా చూడలేదు. కాగితం, కలం మరదలి ముందు పెట్టి, రేపట్నుంచి నా కుర్చీ ఆమెదే అన్నారు. ఆమె పెట్టినా తప్పనలేను. తమ్ముడి మందులు, పిల్లల చదువులు, అన్నీ ఆ సంతకం మీదే ఉన్నాయి.

మరదలు కాగితాన్ని చివరిదాకా చదివింది. కలానికి మూత పెట్టి ఆయన చేతికే తిరిగిచ్చింది.

"నాకు సంతకం పెట్టడం రాదండి," అంది.

తొమ్మిదేళ్లుగా నా సంతకం కింద ఆమె సంతకం లేని కాగితం మా కంపెనీలో ఒక్కటీ లేదు. ఆ ఫైళ్లన్నీ అల్లుడుగారి వెనక బీరువాలోనే ఉన్నాయి. ఆయన వాటి వంక చూశారు, ఆమె వంక చూశారు. మరదలు కాగితాన్ని కూడా ఆయన ముందుకే తోసింది.

"నేర్పించినా నేర్చుకోనండి."