చుక్కవ్వ పాట

పాటల తాళాలు తీసేది మా దుకాణంలో నేనే. యాప్‌లో కొన్న పాట ఆ ఫోన్‌లో తప్ప ఇంకెక్కడా పలకదు. ఆటోలో మోగాలంటే తాళం ఊడదీసి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. కోరుట్లలో మా ముందుగదే సెల్ దుకాణం. కౌంటర్ దగ్గర నా భర్త నరేశ్, పరదా వెనుక బియ్యం డ్రమ్ము పక్కన కంప్యూటర్ ముందు నేను. ఒక చెయ్యి పప్పులో, ఒక చెయ్యి పాటల్లో. పేరు మాత్రం ఆయనది. "గీ పని నేను జేస్తున్ననని ఒక్కలకన్న చెప్పరాదు?" అని నిరుడు అడిగితే, "ఇంట్ల కూసొని బటన్ నొక్కుడు గూడ పనేనా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

నిన్న పొద్దున ఆటో నడిపే ఓదెలు వచ్చాడు. "ఎల్లుండి సిరిసిల్లల మా అల్లుని పెండ్లి బరాత్ అన్నా. జగిత్యాల దాక ఏ ఆటోల జూసినా గీ పాటే. జెర తాళం దీసియ్యి." నరేశ్ బేరంలో ఉన్నాడు. పాట ఏదో చూడకుండానే ఓదెలు ఫోన్ పరదా పక్కనుంచి నాకు అందించాడు. ఎప్పుడూ చూడడు.

తాళం తీశాక పది సెకన్లు విని చూడడం నా అలవాటు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. డప్పులు, ఈలలు, మళ్లీ డప్పులు. ఆ మోతలోంచి ఒక ఆడగొంతు: "సుక్కవ్వా, ఒక్కసారి బుగ్గ సూపియ్యవే..."

నా గొంతు. కాదేమో అనుకుని మళ్లీ మొదటి నుంచి విన్నాను. రెండో చరణం చివర మా కుక్కర్ కూత కూడా ఉంది. దాన్ని బరాత్ ఈలల్లో కలిపేసుకున్నారు. నాలుగు నెలల కింద నేను పప్పుకు పోపు పెడుతూ పాడుకుంటుంటే నరేశ్ గడపలో ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. ఏదో చూసుకుంటున్నాడనుకున్నాను. పాట వివరాలు తెరిచాను. పేరు: మాస్ బరాత్ సాంగ్. రచన, హక్కులు: నరేశ్. పాడినవారు అన్నచోట ఖాళీ.

ఆరేళ్ల కింద జగిత్యాల దవాఖానాలో నాకు ఆడపిల్ల పుట్టింది. మూడు రోజులు బతికింది. ఎడమ బుగ్గ మీద నల్లగా చిన్న చుక్క, అందుకని మనసులోనే చుక్కవ్వ అని పిలుచుకున్నాను. దవాఖానా కాగితంలో "జ్యోతి బేబీ" అని రాశారు. "మూడు దినాల పొల్లకు పేరెందుకే?" అంది మా అత్త బాలవ్వ. పాలు ఇంకా చీర తడుపుతూనే ఉన్నాయి, నేను పొయ్యి దగ్గరికి వచ్చేశాను. అక్కడే ఆ పాట ఒక్కొక్క మాటా పుట్టింది. పాడినప్పుడల్లా నరేశ్ కసిరేవాడు: "పొద్దుగాల పొద్దుగాల సచ్చినదాని పాటేంది? ఇల్లు బాగుపడద్దా?"

వద్దన్న పాటనే అమ్ముకున్నాడు. పిల్ల కోసం ఏడ్చిన ఏడుపుకు పెళ్లిళ్లలో ఎగురుతున్నారు. ఎవరో దొంగిలిస్తే ఇంత బాధ ఉండేది కాదు. ఆ పిల్లకు తనూ తండ్రే కదా!

"అయిందా? ఓదెలు పోవాల్నంటున్నడు," నరేశ్ కేకేశాడు.

కుక్కర్ కూతలు మూడో నాలుగో అయ్యాయి. లేచి స్టవ్ కట్టేసి మళ్లీ కూర్చున్నాను. పాట పేరు చెరిపి "చుక్కవ్వ" అని కొట్టాను. ఆ పేరు ఎక్కడైనా రాయడం అదే మొదటిసారి. ఖాళీగా ఉన్న చోట "పాడింది: వాళ్లమ్మ జ్యోతి" అని నింపాను. జ్యోతి అన్నది రెండుసార్లు తప్పు పడింది.

పెన్‌డ్రైవ్ తీసి, పరదా జరిపి, మొదటిసారి కౌంటర్ దగ్గరికి నేనే వెళ్లాను. దుకాణంలో నలుగురు ఉన్నారు. నరేశ్ చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు.

"మస్తు పాట వదినా," అన్నాడు ఓదెలు సంబరంగా. "బరాత్‌ల ఫస్టు గిదే ఏస్తం. గా సుక్కవ్వ ఎవలోగని, మా పోరగాండ్లు పాగలైతున్నరు."

"నా బిడ్డ," అన్నాను నరేశ్ ముఖంలోకి చూస్తూ. "మూడు దినాలు బతికింది. గీ మీ అన్ననే తండ్రి."