చర్చి తాళంచెవి

ఈస్టర్ తెల్లవారుజామున చర్చి తలుపు తీసేది అత్తే. తాళంచెవి ఎవరి చేతికీ ఇవ్వదు. పాస్టరుగారికి అసలే ఇవ్వదు, ఆయన ఇదివరకే ఒకటి పోగొట్టాడు. కోడలికి ఏడో నెల నిండింది కాబట్టి ఈసారి బల్లలు తుడవద్దని, పూలు సర్దితే చాలని చెప్పింది.

కోడలు వంటింట్లో కూర్చుని పూలకాడలు కత్తిరిస్తోంది గానీ ప్రాణమంతా పొట్టమీదే ఉంది. నిన్న మధ్యాహ్నం నుంచీ బిడ్డ కదల్లేదు. రోజూ ఈ వేళకి తన్ని తన్ని నిద్రలేపే బిడ్డ ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. పక్కకి తిరిగి పడుకుంది, చల్లటి నీళ్ళు తాగింది, మెల్లగా తట్టి చూసింది. పోయినేడాది మొదటి బిడ్డ కూడా ఇలాగే, చెప్పాపెట్టకుండా ఆగిపోయింది. ఇప్పుడు చర్చి వెనక గోడవారన మట్టిలో ఉంది. ఆసుపత్రికి వెళితే సంగతి తేలిపోతుంది. తేలనంతసేపూ ఈ బిడ్డ బతికున్నట్టే కదా అని రాత్రంతా మంచం అంటిపెట్టుకునే ఉంది.

భర్త ఎక్కడో లారీ తోలుతున్నాడు. స్టీరింగు పట్టుకున్న మనిషికి ఇలాంటి మాట ఎలా చెబుతారు? అత్తకి చెబుదామా అంటే, ఆమె ప్రార్థనకి పేరుమోసిన మనిషి. శుక్రవారం పాస్టరుగారు భయమంటే అవిశ్వాసమేనని బల్లగుద్ది చెబితే అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది ఆవిడే. ప్రభువు చావుని గెలిచిన పండగ పూట చావు మాట ఎత్తడమా? అసలు తన అనుమానమే బిడ్డకి తగులుతుందేమోనని ఇంకో భయం. భయం ఒంటరిగా వస్తుందా, చుట్టపక్కాలందర్నీ వెంటేసుకుని వస్తుంది.

చేతిలో కత్తెర జారిపడింది. తాళంచెవి పట్టుకుని గుమ్మం దాటబోతున్న అత్త వెనక్కి తిరిగింది.

"అత్తయ్యా, బిడ్డ కదలట్లేదు," అంది కోడలు. "నాకు చాలా భయంగా ఉంది. నాకు విశ్వాసం లేదేమో."

చీవాట్లు పడతాయనుకుంది. అత్త వెళ్ళి కోడలి చెప్పులు తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టింది.

"ప్రభువు సమాధి దగ్గరికి వెళ్ళిన ఆడవాళ్ళు ధైర్యంగా వెళ్ళారనుకున్నావా? శవానికి పూయడానికి సుగంధాలు పట్టుకెళ్ళారు. ఆశ ఉన్నవాళ్ళు మోసుకెళ్ళే సామానేనా అది? వణుక్కుంటూనే వెళ్ళారు. వెళ్ళారు కాబట్టే ఆయన బతికి లేచాడని తెలిసింది. లే, పద."

మరి శుక్రవారం ఆమేన్ సంగతేమిటని టాక్సీలో అడిగింది కోడలు. భయపడేవాళ్ళే గట్టిగా అరుస్తారే పిచ్చిదానా అంది అత్త.

ఆసుపత్రిలో నర్సు పొట్టమీద చల్లటి జెల్ రాసి యంత్రం ఆనించింది. గాలి ఈలవేసినట్టు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నర్సు మాట్లాడకుండా యంత్రాన్ని కిందికి జరిపింది, పక్కకి జరిపింది. కోడలు ఆమె మొహంలోకి చూడలేక పైకప్పు చూస్తూ పడుకుంది. పోయినేడాది కూడా ఈ నిశ్శబ్దం తర్వాతే డాక్టరుని పిలిచారు.

అంతలో అత్త ఫోను మోగింది. కంగారులో స్పీకరు నొక్కేసరికి పాస్టరుగారి గొంతు గదంతా వినబడింది. జనమంతా చీకట్లో బయటే నిలబడ్డారట, తాళంచెవి ఎక్కడమ్మా అని ఆయన గోల. అది అత్త గుప్పిట్లోనే ఉంది.

నర్సు చెయ్యి ఒకచోట ఆగింది. టకటకా, టకటకా, ఎవరో పరిగెత్తుకొస్తున్నట్టు.

అత్త ఫోను తీసుకెళ్ళి యంత్రం పక్కన పెట్టింది.

ఆ చప్పుడేమిటని పాస్టరుగారు అడిగారు. డాక్టరు వచ్చి చూడాలి, ఈ రోజంతా ఇక్కడే ఉండాలి అంటోంది నర్సు. కోడలి ఒంట్లో వణుకు ఇంకా తగ్గలేదు. ఆ వణుకుతోనే చెప్పింది.

"బతికే ఉందండీ."

అవతల, మూసిన తలుపు ముందు నిలబడ్డవాళ్ళందరికీ ఆయన ఆ మాటే చెప్పడం వినిపించింది.