డైరెక్టర్ ఓడ

విషవాయువు మాస్కులు అడిగిన అరవై ముగ్గురి పేర్లు చమురుబావుల గేటుకి అంటించారు. వాళ్ల పని పోయింది. ఆ పాపంలో నా నోటికీ వాటా ఉంది.

నేను కంపెనీ దుబాసీని. ఏప్రిల్ సభలో విదేశీ డైరెక్టర్ "కంపెనీ ఒక ఓడ, అందరం అందులోనే ఉన్నాం" అన్నాడు. మా గడ్డిమైదానంలో ఓడ మాట ఎవరి గుండెనూ తాకదు. అందుకని "మనందరిదీ ఒకే షంగిరాక్" అని చెప్పాను. డేరా నెత్తిన ఉండే ఆ గుండ్రటి చట్రం మాకు ఇల్లూ, వంశమూ. సమ్మెకని వచ్చిన వెయ్యిమందీ తలవంచుకుని వెళ్లిపోయారు. మర్నాడే గేటుకి ఆ జాబితా అంటించారు.

ఇవాళ మళ్లీ వచ్చి గేటు ముందు బైఠాయించారు. చుట్టూ పోలీసులు. డైరెక్టర్ మాట్లాడి మైకు నాకిచ్చాడు. నేను నోరు తెరిచేలోపే సాపర్‌బాయ్ లేచాడు. ముప్పై ఏళ్లు బావులు తవ్వినవాడు. జాబితాలో మొదటి పేరు ఆయనదే.

"ఒకే షంగిరాక్ అన్నావు గదమ్మాయీ. డేరాలోకి పరాయివాడొచ్చినా ముందు టీ పోస్తాం. ఇంట్లోవాళ్లనే బయటికి నెట్టడం ఏ ఇంటి పద్ధతో ఆయన్నడుగు."

"ఆయనకి డేరా సంగతి తెలీదు పెదనాన్నా."

"మరి ఆ మాటన్నదెవరు?"

"నేనే. ఆయన ఓడ అన్నాడు. మీరు వింటారని మార్చాను."

క్యాంటీన్‌లో వంటచేసే రౌషన్ గుర్రుగా చూసింది. "మా ఇల్లే చూపించి మా నోళ్లు మూయించావన్నమాట. సిగ్గులేదూ?"

"సిగ్గే లేకపోతే ఇప్పుడు చెప్పేదాన్ని కాదక్కా."

"సరే, ఇవాళేమన్నాడో అదే చెప్పు. ఉప్పూ కారం కలపకు."

చెప్పాను. ఓడకి చిల్లు పెట్టేవాణ్ని సముద్రంలో పడేస్తాడట.

"ఓడలో ఆయనెక్కడుంటాడు?" సాపర్‌బాయ్ అడిగాడు.

"పైన. నడిపేది ఆయనే."

"మనం?"

"అడుగున."

"అయితే నీళ్లొస్తే ముందు తడిసేది మనమే. మేం చిల్లు పెట్టలేదు, చిల్లుందని అరిచాం. ఆయన ఓడ భాషలోనే చెప్పు."

ఉన్నదున్నట్టు చెప్పాను. డైరెక్టర్ ముఖం ఎర్రబడింది. పోలీసులకి సైగ చేశాడు. నా రెక్కలు విరిచిపట్టుకుని వ్యాన్‌లోకి తోశారు.

డైరెక్టర్ భాష వచ్చిన సెక్యూరిటీ అధికారి మైకు అందుకున్నాడు. "డైరెక్టర్‌గారు మిమ్మల్ని కన్నబిడ్డల్లా..."

"ఆయనన్నది చెప్పు," అంది రౌషన్.

"ఆయనన్నది చెప్పు," అన్నారు వెయ్యిమంది.

అధికారి మైకు దించేశాడు. వాళ్లేమంటున్నారని డైరెక్టర్ అడిగాడు. అధికారి అదీ చెప్పలేకపోయాడు. వ్యాన్ డ్రైవర్ హారన్ కొట్టాడు. దారి నిండా మనుషులే. ఒక్కరూ లేవలేదు.