నాలుగో నంబరు తాళం

తొమ్మిదీ ఇరవైకి తడి తలతో గదిలోకి వచ్చేసరికి నాలుగో నంబరు లాకరు నోరు తెరుచుకుని ఉంది.

నా చెప్పుల జత ఉంది. దువ్వెన ఉంది. నీలం ఫైలు లేదు.

నా నర్సింగు సర్టిఫికెట్లన్నీ ఆ ఫైల్లోనే ఉన్నాయి. గుర్తింపు కార్డు కూడా అందులోనే. పదకొండు గంటలకు పెద్దాసుపత్రి ఆఫీసులో ఒరిజినల్స్ చూపిస్తే ఉద్యోగం నాది. చూపించలేకపోతే జాబితాలో నా కింద ఉన్న పేరుకి పోతుంది. ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వమని పిలుపు కాగితంలో లావు అక్షరాలతో వేశారు. ఆసుపత్రికి బస్సులో ముప్పావుగంట.

ఆ హాస్టల్ గదిలో ఆరు మంచాలు, రెండేసి ఒకదాని మీద ఒకటి. నలుగురు ఆడవాళ్ళు పొద్దున్నే ఏదో టూరు బస్సెక్కి వెళ్ళిపోయారు. మిగిలింది పై మంచం మీద నేను, నా కింద మంచం మీద ఎర్ర సంచీ పిన్నిగారు. అనుమానించడానికి ఇంకెవరున్నారు?

పైగా నిన్న సాయంత్రం నుంచీ ఆవిడ వాలకం నాకు నచ్చలేదు. గదిలోకి అడుగు పెట్టగానే మొదలుపెట్టింది.

"ఏం చదివావమ్మాయ్?"

"నర్సింగండీ."

"మార్కులెలా వచ్చాయి?"

ముక్కూ మొహం తెలియని మనిషికి నా మార్కులెందుకు? వదిలించుకోవడానికి, "అంతా ఫస్టు క్లాసే పిన్నిగారూ. ఒక్క సబ్జెక్టూ తప్పలేదు" అనేశాను.

ఆవిడ తలాడించింది. తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని మంచాల మధ్య పచార్లు చేసింది. ఎవరి మంచం దగ్గర ఆగితే వాళ్ళ సామాను వైపు ఒక చూపు. నా లాకరు ముందు ఆగి నంబరు పైకే చదివింది. "నాలుగు." అంతే, మళ్ళీ నడక. దుప్పటి తలదాకా లాక్కున్నాను గానీ కళ్ళు మాత్రం లాకరు మీదే.

ఇప్పుడు ఆవిడ మంచం ఖాళీగా ఉంది. ఎర్ర సంచీ కూడా లేదు.

బయటికి పరిగెత్తబోయి తలుపు దగ్గరే ఆగిపోయాను. మెట్ల మీద నుంచి ఆవిడ గొంతు. ఫోన్లో మాట్లాడుతోంది.

"తాళం తీసే ఉందక్కా. ఫైలు నా సంచీలో వేసుకున్నా. ఆ పిల్ల స్నానానికి పోయింది, దానికింకా తెలీదు. వచ్చాక దాని సంగతి చూస్తా."

నా సంగతి చూస్తుందా!

ఒక్క దూకులో మెట్ల మీదికి వెళ్ళి సంచీ పట్టీ పట్టుకున్నాను. "నా ఫైలు ఇవ్వండి!"

ఆవిడ బెదరలేదు. ఫోన్ ఆపి, కళ్ళజోడు సర్దుకుని, సంచీని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"నీదా?"

"నాదే! ఇవ్వకపోతే పోలీసుల్ని పిలుస్తా."

"పిలు. నాకు శ్రమ తప్పుతుంది. నేనే పిలుద్దామనుకుంటున్నా."

ఇలాంటి దొంగని నేనెక్కడా చూడలేదు.

"నిన్న రాత్రి లాకర్లో తల పిన్ను పెట్టి గెలికింది ఎవరు?" అంది ఆవిడ. "నిద్రపోయాననుకున్నావు. ఒక కన్ను తెరిచే ఉంచా."

"తాళం వంకరపోయి తిరగలేదండీ! అందుకే పిన్నుతో..."

"సరే. ఫైల్లో ఫోటోలో ఉన్న పిల్లకి బారెడు జడ. నీకు మెడ దిగని జుట్టు."

"కత్తిరించుకున్నా!"

"ఆ పిల్ల కాగితాలు పోయిన రోజునే?"

"కాదు, నాలుగు నెలలైంది! పేరు అడగండి, పుట్టినరోజు అడగండి..."

"ఫైలు చూసిన ఎవరైనా చెప్తారు."

"ఇవిగో, ఈ కొత్త ఫోన్లో నా ఫోటోలు!"

"అందులోనూ జడ లేదుగా."

మా అరుపులకి కౌంటరు మనిషి పైకొచ్చాడు. పొద్దున్నే డ్యూటీ ఎక్కినవాడు. పళ్ళు తోముకుంటూ వచ్చి నోట్లో బ్రష్షుతోనే, "ఏమైంది మేడం?" అన్నాడు.

"నా లాకరు ఎవరు తెరిచారన్నా?"

"నేనే. తొమ్మిదింటికల్లా నాలుగో నంబరు తాళం తీసి పెట్టమని మీరు చెప్పారంటగా? రాత్రి డ్యూటీ మనిషి చీటీ రాసి పెట్టాడు. తీసి పెట్టా."

"అయ్యో! నా తాళం వంకరపోయింది, వేరే తాళం తీసి కౌంటర్లో పెట్టమన్నా!"

"తాళంచెవి అని చెప్పాలి మరి. తాళం తీయమంటే తీస్తాం. తీశాక పెట్టమన్నారు, ఏం పెట్టాలో తెలీక అలాగే వదిలేశా."

మా ఇంట్లో తాళంచెవి అనే మాట ఎవరూ వాడరు. తాళం ఎక్కడ పెట్టావు, తాళం తెచ్చావా అనే అంటాం. ఇరవై నాలుగేళ్ళుగా ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. ఇబ్బంది రావడానికి ఈ రోజే దొరికింది.

"విన్నారుగా పిన్నిగారూ? తీయమన్నది నేనే!"

"అదే నేనూ అంటున్నా," అంది ఆవిడ. "పిన్నుతో రాకపోతే ఈ బాబుతో తీయించావు. ఏం బాబూ, లాకరు తనదేనని నీకెవరు చెప్పారు?"

అతను బ్రష్షు నోట్లోంచి తీసి నా వైపు చూపించాడు. "ఈవిడే." మళ్ళీ తోముకోసాగాడు.

గోడ గడియారం తొమ్మిదీ నలభై. పదింటికి బస్సు తప్పితే ఇంక అంతే.

ఆవిడ ఫైలు బయటికి తీసి గుండెకి ఆనించుకుంది. "ఒక్క ప్రశ్న. ఈ పిల్లకి రెండో ఏడాది మందుల శాస్త్రంలో ఎన్ని మార్కులు?"

ఆ సంగతి మా అమ్మకి తెలీదు. అక్కకి తెలీదు. ఇప్పుడు ఈ మెట్ల మీద, పళ్ళు తోముకునే మనిషి ముందు...

"ఇరవై తొమ్మిది."

"ఎన్నింటికి?"

"వందకి."

కౌంటరు మనిషి బ్రష్షు ఆగిపోయింది.

"మళ్ళీ రాశావా?"

"ఆరు నెలలకి. యాభై ఒకటి. యాభై వస్తే పాసు."

ఆవిడ ఫైలు తెరిచి రెండు కాగితాలూ చూసింది. ముఖం మెల్లగా సడలింది. "నీదే. దొంగదైతే డెబ్భై అనేది." ఫైలు చాచి, నేను అందుకోబోతుంటే వెనక్కి తీసుకుంది. "మరి ఈ దరఖాస్తులో 'అన్నీ మొదటి ప్రయత్నంలోనే' అన్న చోట టిక్కు పెట్టింది ఎవరు?"

"...నేనే."

"నాకు అసలు అనుమానం ఇక్కడే వచ్చింది తల్లీ. నిన్న నోటితో చెప్పిన మనిషి, దరఖాస్తు రాసిన మనిషి ఒకరే. మార్కుల కాగితం మాత్రం ఇంకొకరిది అనుకున్నా. ముప్పై ఏళ్ళు పరీక్ష హాళ్ళలో కాపలా కాశా. ఒకరి బదులు ఇంకొకరు రాయడం చూశా. తన మార్కులు తనే దొంగిలించేదాన్ని ఇప్పుడే చూస్తున్నా."

"తప్పానని తెలిస్తే ఉద్యోగం ఇవ్వరేమోనని..."

"తప్పినందుకు ఎవరూ ఉద్యోగం ఆపరు. అబద్ధానికి ఆపుతారు. పెన్ను తీయి. రుద్దకు. ఒకటే గీత. పక్కన సరైంది రాసి సంతకం పెట్టు."

మెట్టు మీద కూర్చుని ఆవిడ ఎర్ర సంచీ బల్లగా చేసుకుని రాశాను. 'రెండో ప్రయత్నం.' తొందరలో సంతకం కూడా వంకరపోయింది.

"పరిగెత్తు. జుట్టు బస్సులో ఆరుతుంది."

పదకొండుకి ఎనిమిది నిమిషాల ముందు ఆఫీసులో కూర్చున్నాను. నా ముందు వెళ్ళిన అమ్మాయి ఏడుస్తూ బయటికొచ్చింది. బల్ల వెనక పెద్దమనిషి నా మార్కుల కాగితం, దరఖాస్తు పక్కపక్కన పెట్టి వేలితో ఒక్కో వరస చూసుకుంటూ వచ్చాడు. కొట్టివేత దగ్గర వేలు ఆగింది.

"ఎప్పుడు దిద్దావు?"

"ఈ పొద్దున్నే సార్."

"ఎందుకు?"

"రాసింది అబద్ధం సార్."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తలుపు వైపు చూపించాడు. "ఇప్పుడే వెళ్ళిన అమ్మాయి దిద్దలేదు." ఠప్పున ముద్ర వేశాడు. "సోమవారం డ్యూటీలో చేరు."

మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. హాస్టల్ కౌంటరు మనిషి.

"మేడం, పిన్నిగారు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఉద్యోగం వచ్చిందో లేదో కనుక్కోమన్నారు. సాయంత్రం వస్తారుగా? తాళం తీసి పెట్టమంటారా?"

"బాబ్బాబు," అన్నాను, "దాన్ని మాత్రం ముట్టుకోకు."