పెళ్లికుట్టు

పెళ్లికో, ఉద్యోగ విరమణ వేడుకకో, పిల్ల చదువు పూర్తయిన సంబరానికో మీరెప్పుడైనా పొడుగు కారు అద్దెకు తీసుకున్నారా? తీసుకుని ఉంటే, ఎక్కగానే ముందు దేన్ని చూశారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. పైకప్పు నిండా మినుకుమినుకుమనే రంగుదీపాలు చూసి ఉంటారు. గాజు గ్లాసుల అర చూసి ఉంటారు. మెత్తని తోలు సీటు మీద అరచెయ్యి ఆనించి "అబ్బ!" అనుకుని ఉంటారు. ఆ "అబ్బ!" అనిపించడమే సూదమ్మ ఉద్యోగం.

సూదమ్మ అసలు పేరు ఆ పొడుగు కార్ల షెడ్డులో ఎవరికీ పట్టదు. పన్నెండేళ్లుగా అక్కడ సీట్లు కుడుతోంది కాబట్టి సూదమ్మ. రేకుల కప్పు కింద, కిటికీ పక్కనున్న పెద్ద కుట్టుమిషను ఆమెది. ఎదురుగా వరసగా ఏడు పొడుగు కార్లు నిలబడి ఉంటాయి. ఐదుగురి కోసం పుట్టిన కారును నడుం దగ్గర రెండుగా కోసి, మధ్యలో ఇనుప చట్రం అతికి, పద్నాలుగు మంది పట్టేలా సాగదీసిన బండ్లవి. సీట్లు పెరిగాయి, దీపాలు పెరిగాయి, అద్దె పెరిగింది. బ్రేకులు మాత్రం ఐదుగురి నాటివే.

రెండేళ్ల కిందట యజమాని ఆమె మిషను దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"ఈ సీటు బెల్టులతో చస్తున్నాను సూదమ్మా. బట్టలు నలుగుతున్నాయంటారు పెళ్లివాళ్లు. ఫొటోల్లో అడ్డంగా పడుతున్నాయంటారు. తీసిపారేద్దామంటే తనిఖీవాళ్లు ఊరుకోరు. ఉండాలి, కానీ కనపడకూడదు. ఏం చేస్తావో నీ ఇష్టం."

పనిమంతురాలిని ఊరించాలంటే "నీ ఇష్టం" అంటే చాలు. సూదమ్మ మూడు రోజులు తల బద్దలు కొట్టుకుంది. చివరికి బెల్టుల్ని మడిచి మెత్త కింద పడుకోబెట్టి, సీటూ వీపూ కలిసే సందులో తోలుకు తోలు కలిపి కుట్టేసింది. వేలితో రాసినా దారం తగలదు. యజమాని కళ్లజోడు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు, కుట్టు జాడ దొరకలేదు. షెడ్డంతా చప్పట్లు కొట్టింది. ఎవరో దానికి "పెళ్లికుట్టు" అని పేరు పెట్టారు. పొగడ్తకు పొంగనివాళ్లు ఎంతమందుంటారు? సూదమ్మ కూడా పొంగింది. ఏడు బండ్లకూ వరసగా పెళ్లికుట్టు వేసేసింది.

ఏటా తనిఖీ అధికారి ఒకాయన వచ్చేవాడు. ఆయన కాగితంలో "బెల్టులు" అన్న మాట ఎదురుగా "ఉన్నవి", "లేవు" అని రెండు గళ్లుండేవి. యజమాని ఆయన చెయ్యి పట్టుకుని మెత్త మీద నొక్కించేవాడు. కింద గట్టిగా ఏదో తగిలేది. "ఉన్నవి" దగ్గర టిక్కు పడేది. తర్వాత ఖాళీ బండిని షెడ్డు చుట్టూ ఒకసారి తిప్పి, గేటు దగ్గర ఆపి, ఆగింది కాబట్టి సంతకం పెట్టి వెళ్లేవాడు.

సూదమ్మకు ఆ ఉద్యోగం ఇప్పించింది ఆమె అక్క భర్త. అదే షెడ్డులో డ్రైవరు. ఆయన బండి నడిపే తీరు చూసి అందరూ "నిదానం" అని పిలిచేవాళ్లు. ఆయనొక్కడే అప్పుడప్పుడూ మరదలి దగ్గర గొణిగేవాడు.

"ఖాళీ బండి మన మాట వింటుంది మరదలా. నిండిందంటే దాని మాటే దానిది. తొక్కిన బ్రేకు కాలికి తెలుస్తుంది గానీ, బండికి తెలియదు."

"యజమానికి చెప్పకపోయావా బావా?"

"మూడుసార్లు చెప్పాను. తనిఖీలో పాసయింది కదా, నీకేం నొప్పి అన్నాడు."

ఒకనాటి మధ్యాహ్నం పెళ్లికూతురి వైపువాళ్లు పద్నాలుగు మంది నిదానం నడిపే బండెక్కారు. దిగుడు రోడ్డు. కింద కూడలిలో ఎర్రదీపం, దాని ముందు ఒక లారీ. నిదానం ఎప్పటిలాగే దూరం నుంచే బ్రేకు తొక్కాడు. బండి వేగం తగ్గింది గానీ ఆగలేదు. జారుతూ పోయి లారీ వెనక తగిలి నిలబడింది. బయట చూస్తే ముందు దీపం ఒకటి పగిలింది, అంతే. లోపల పక్కవాటు సీటు చివర కూర్చున్న పెళ్లికూతురి చెల్లెలు మాత్రం అంత పొడుగు బండిలోనూ ఎగిరి వచ్చి డ్రైవరు వెనకున్న అడ్డుగోడకు కొట్టుకుంది. దవడ విరిగింది, మెడ కింది ఎముక విరిగింది. పంతొమ్మిదేళ్ల పిల్ల.

సాయంత్రానికల్లా యజమాని కాగితం తయారుచేశాడు. "బండిలో బెల్టులు ఉన్నవి. ప్రయాణికురాలు పెట్టుకోలేదు." చూశారా ఎంత పద్ధతైన కాగితమో! అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. తప్పంతా మంచం మీదున్న పిల్లదైపోయింది.

మర్నాడు సూదమ్మ బావతో కలిసి ఆసుపత్రికి వెళ్లింది. బావ వరండాలోనే ఆగిపోయాడు, లోపలికి అడుగు పడలేదు. సూదమ్మ ఒక్కతే వెళ్లింది. పిల్ల దవడలు రెండూ కదలకుండా తీగతో కట్టేశారు. తల్లి పక్కన కుర్చీలో ఉంది.

"ఎవరమ్మా నువ్వు?" అంది తల్లి.

"ఆ బండిలో సీట్లు కుట్టేదాన్ని."

ఆ మాట వినగానే పిల్ల చెయ్యి చాపి నోటు పుస్తకం అందుకుంది. ఎడమ చేత్తో వంకరటింకరగా రాసి సూదమ్మ వైపు తిప్పింది. "బెల్టు కోసం వెతికాను. సందులో వేళ్లు పెట్టి కూడా వెతికాను. నిజంగా ఉందా?"

వేలికి తగలకూడదనే కదా ఆ సందును అంత శ్రద్ధగా కుట్టింది! తన పనితనం ఎంత గొప్పదో ఆ పిల్ల వేళ్లు చెబుతుంటే సూదమ్మకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఉందమ్మా," అంది. "నేనే దాన్ని లోపల పెట్టి కుట్టేశాను."

తల్లి చివాల్న లేచింది. కొడుతుందేమో అనుకుంది సూదమ్మ. కొడితే బాగుండేది. తల్లి తలుపు చూపించి, "ఇక్కడ చెప్పి ఏం లాభం? చెప్పాల్సిన చోట చెప్పు, పో," అంది.

ఆ మరుసటి రోజు యజమాని పిలిచాడు. గదిలో తలుపు వేసి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"ఎల్లుండి ప్రమాదం మీద ప్రత్యేక తనిఖీ. రేపటికల్లా ఆ బండిలో కుట్లన్నీ విప్పి, బెల్టులు పైకి తీసి, మొదటినుంచీ అలాగే ఉన్నట్టు సర్దు. తప్పు పిల్లదని తేలితే మీ బావ లైసెన్సు దక్కుతుంది. లేదంటే, బ్రేకు సరిగా లేదని తెలిసీ నడిపాడని ఆయన మెడకే చుట్టుకుంటుంది. ఆలోచించుకో. నీ బావే కదా, పరాయివాడేం కాదుగా."

ఆ సాయంత్రం సూదమ్మ, అక్క, బావ ముగ్గురూ వంటగదిలో కూర్చున్నారు. ముందుగా మాట్లాడింది అక్క.

"విప్పెయ్యవే. చిటికెలో పని నీకు. ఆ పిల్ల ఎలాగూ కోలుకుంటుంది. యాభై నాలుగేళ్ల మనిషి, మీ బావ ఇప్పుడు వేరే ఏ పని నేర్చుకుంటాడు?"

అక్క చెడ్డది కాదు. ఇంటి పొయ్యి ఆరకుండా చూసుకునే మనిషి అలా అనక ఎలా అంటుంది? సూదమ్మ బావ వైపు చూసింది. ఆయన టేబులు మీద వేలితో గీత గీస్తున్నాడు.

"యజమాని చెప్పిందాంట్లో ఒకటి నిజం," అన్నాడు. "నాకు తెలుసు. తెలిసీ నడిపాను. మూడుసార్లు చెప్పినవాణ్ణి, నాలుగోసారి తాళంచెవి ఆయన ముందు పడేసి రావాల్సింది. రాలేదు. ఆ పిల్ల నోరు కట్టేశారు కాబట్టి మాట్లాడలేకపోతోంది. మన నోటికేమొచ్చింది?"

అక్క లేచి గిన్నెలు సర్దుతూ, వెనక్కి తిరక్కుండానే అంది. "సరే, పోతే పోయింది లైసెన్సు. కానీ ఇద్దరూ తలొంచుకుని మాత్రం వెళ్లకండి. తల ఎత్తుకునే వెళ్లండి."

తనిఖీ రోజు ఉదయం పదకొండింటికి, ఏటా వచ్చే అధికారే వచ్చాడు. యజమాని బండి తలుపు తీసి లోపలికి చూశాడు. ఒక్క కుట్టూ ఊడలేదు. సూదమ్మ వైపు కళ్లెర్రజేశాడు గానీ, అప్పటికే అధికారి లోపలికి వంగాడు.

"బెల్టులు ఉన్నాయా?"

"బ్రహ్మాండంగా ఉన్నాయి సార్," అన్నాడు యజమాని.

అధికారి కలం "ఉన్నవి" మీదికి పోయింది. సూదమ్మ ముందుకొచ్చి ఆ గడి మీద అరచెయ్యి పెట్టేసింది.

"టిక్కు పెట్టే ముందు ఒకసారి కూర్చుని బెల్టు పెట్టుకోండి సార్."

"ఏంటమ్మా ఇది?"

"పెద్ద పనేం కాదు కదా సార్. పెళ్లికొచ్చిన పిల్లను పెట్టుకోలేదని అంటున్నాం. మీరు పెట్టుకుని చూపించండి."

అధికారి విసుక్కుంటూనే కూర్చున్నాడు. పక్కన తడిమాడు. వెనక తడిమాడు. సందులో వేళ్లు దూర్చబోయాడు, దూరలేదు. పక్క సీటుకు జరిగాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"ఎక్కడుంది?"

"ఆ పిల్ల కూడా అదే అడిగింది," అంది సూదమ్మ. "కనపడకుండా కుట్టింది నేనే. శిక్షేస్తే నాకూ వెయ్యండి. కానీ ఆ కాగితంలో 'ఉన్నవి' అని రాయకండి. నూతిలో నీళ్లుంటే సరిపోతుందా సార్, చేద లేకపోతే?"

బ్లేడు తీసి ఒక్క గీటున సందును చీల్చింది. లోపల మడతల్లో బెల్టు ఉంది. రెండేళ్ల కిందట సూదమ్మ వేసిన మడత వేసినట్టే ఉంది.

"కస్టమర్లే అడిగారు సార్!" అని అరిచాడు యజమాని. "బట్టలు నలుగుతున్నాయని వాళ్లే గోల పెట్టారు!"

"బట్ట నలిగితే ఇస్త్రీ ఉంది. మనిషి నలిగితే ఏం పెట్టి రుద్దుతారు సార్?"

అధికారి బ్రేకుల గడికి వచ్చాడు. ఖాళీ బండిని అలవాటు ప్రకారం తిప్పబోతుంటే నిదానం అడ్డొచ్చాడు.

"ఖాళీగా వద్దు సార్. నింపి చూడండి. నిండితే ఆగదని తెలిసీ నడిపినవాణ్ణి, చెబుతున్నాను."

"నింపి చూడాలని నియమాల్లో లేదండీ."

"నియమాల్లో లేదని బండెక్కిన జనం బరువు తగ్గుతారా సార్?"

గోడ కట్టడానికి తెచ్చిన ఇసుక బస్తాలు మూల పేర్చి ఉన్నాయి. "మనిషికో బస్తా," అని సూదమ్మ ఒకదాన్ని ఈడ్చింది. మొదట ఎవరూ కదల్లేదు. ముట్టుకున్నవాళ్ల ఉద్యోగం ఊడుతుందని యజమాని కేకలేస్తున్నాడు. మెకానిక్కు చేతులు తుడుచుకుని వచ్చి రెండో బస్తా ఎత్తాడు. తర్వాత బండ్లు కడిగే ఆవిడ, రంగు వేసే అతను. పద్నాలుగు సీట్లలో పద్నాలుగు బస్తాలు కూర్చున్నాయి.

బండి ఆగాల్సిన చోట నేల మీద సుద్దతో గీత గీశారు. నిదానం నడిపాడు, అధికారి పక్కన కూర్చున్నాడు. ఖాళీగా ఉన్నప్పుడు గీత ఇవతలే ఆగే బండి, నిండుగా ఉండేసరికి గీత దాటి మరో కారు పొడుగు దూరం పోయి ఆగింది. తలుపు తీసి చూస్తే లోపల ఒక్క బస్తా కూడా కుదురుగా లేదు. పక్కవాటు సీటు చివర పెట్టినది అడ్డుగోడకు కొట్టుకుని చిట్లి, తెల్లని తోలు నిండా ఇసుక పోసింది. షెడ్డులో అందరూ ఆ ఇసుకను చూస్తూ నిలబడ్డారు.

అధికారి మళ్లీ కాగితం తీశాడు.

"కిందటేడు ఈ బండి పాసైన కాగితం మీద సంతకం నాదే. ఆ సంగతి కూడా రాస్తాను." కాగితంలో "ఉన్నవి" అన్న అచ్చుమాటను కొట్టేసి, పైన తన చేత్తో "కూర్చున్నవారికి అందడం లేదు" అని రాశాడు. ఏడు బండ్ల తాళంచెవులూ తీసుకున్నాడు. తర్వాత ఇబ్బందిగా నిదానం వైపు తిరిగాడు. "తెలిసి నడిపారు కాబట్టి, విచారణ అయ్యేదాకా మీ లైసెన్సు..."

ఆ మాట పూర్తికాకముందే నిదానం జేబులోంచి లైసెన్సు తీసి ఆయన చేతిలో పెట్టాడు. తల మాత్రం దించలేదు.

యజమాని సూదమ్మ మీద విరుచుకుపడ్డాడు. "నా ఉప్పు తిని నాకే ద్రోహం చేస్తావా?"

"మీ ఉప్పుకి పన్నెండేళ్ల చెమటిచ్చాను, చెల్లు. ఆ పిల్ల ఏ ఉప్పు తిందని దవడ ఇచ్చింది?"

"అందరూ ఇలాగే నడుపుతున్నారు! నేనొక్కణ్ణే కనపడ్డానా?"

"నిజమే, అందరూ నడుపుతున్నారు," అంది సూదమ్మ. "నా దగ్గర ఈ కుట్టు నేర్చుకుని వేరే షెడ్లకు వెళ్లినవాళ్లు ముగ్గురున్నారు. రేపు వాళ్ల దగ్గరికే పోతున్నాను. ఈ సారు వెంట వస్తే కుట్టు ఎక్కడుందో చూపిస్తాను. రాకపోతే గేటు దగ్గర నిలబడి ఎక్కే ప్రతివాళ్లకూ చెప్తాను, బెల్టు చేతికి అందితేనే ఎక్కండని."

"పొద్దున్నే వస్తాను," అన్నాడు అధికారి.

యజమాని వెటకారంగా నవ్వాడు. "మధ్యలో నీకేంటి? డబ్బు వాళ్లది, బండి నాది. అద్దె కట్టి ఎక్కినవాళ్లకు లేని బాధ నీకెందుకు?"

సూదమ్మ గేటు దాకా వెళ్లినదల్లా ఆగి, షెడ్డంతా వినేలా గొంతెత్తింది.

"జనం మీ బండిని అద్దెకు తీసుకున్నారు సార్. తమ ప్రాణాల్ని మీకు అద్దెకివ్వలేదు!"