శుక్రవారం నూనె, వెండి నూలు రవిక

మా అత్త రామాత్తాళ్ పడిపోతోందంటే మా వీధిలో ఎవరూ నమ్మలేదు. నిలుచున్న మనిషి నిలుచున్నట్టే కుప్పకూలేది, మేము నీళ్ళు తెచ్చేలోపు లేచి కూర్చునేది. తిరుప్పూరులో పెద్దాసుపత్రికి తీసుకెళితే ఒంటికి వైర్లు అంటించి ఒక రోజంతా మంచం దిగనివ్వలేదు. గుండె భేషుగ్గా ఉందన్నారు. రెండోసారీ అదే మాట. దాంతో మా ఆయన నాచిముత్తు తేల్చేశాడు.

"అంతా బాగుందంటున్నారు కదమ్మా. మనసులో ఏదో పెట్టుకుని పడిపోతున్నావు."

"అంటే నాటకమాడుతున్నానంటావు," అంది అత్త.

ఆయన కాదనలేదు. ఆ రోజంతా అత్త అన్నం ముట్టలేదు. నాకైతే ఒళ్ళు మండిపోయింది. నుదుటి మీద కుట్లు పడ్డాయి, ఆ కుట్లు కూడా నాటకమేనా?

మాది బనియను గుడ్డ అల్లే చిన్న మిల్లు. ఇంటి వెనకే యంత్రాలు. ఆ రోజుల్లోనే కోయంబత్తూరు నుంచి యాళిని అనే గుండె డాక్టరమ్మ వెండి పూత పూసిన నూలు పట్టుకుని, దాంతో పట్టీ అల్లించుకోవడానికి మా దగ్గరికి వచ్చింది. ఆ నూలుతో అల్లిన పట్టీ ఒంటికి ఆనుకుని ఉంటే చాలు, గుండె కొట్టుకునే తీరు గీతలా ఫోనులో కనిపిస్తుంది. జిగురూ అక్కర్లేదు, వేలాడే వైర్లూ ఉండవు. రవిక లోపల పట్టీ, ముందువైపు గుండీలా బిగించే చిన్న డబ్బీ, అంతే. మొదటి రవిక మా అత్తకే కుట్టించాను.

"పడే క్షణంలో గీత దొరకాలి తిలగక్కా," అంది యాళిని. "అది దొరక్కుండా నేను వైద్యం మొదలుపెట్టలేను. ఈలోపు తల ఎక్కడ తగులుతుందోనని నా భయం."

నా భయమూ అదే. రవిక మిగతా రోజుల్లో చక్కగా పనిచేసేది. శుక్రవారం వచ్చిందంటే ఫోనులో అన్నీ పిచ్చిగీతలే. అత్త మళ్ళీ పడి గడ్డం చీరుకున్నదీ ఒక శుక్రవారమే. ఆత్రంగా ఫోను తీసి చూస్తే అందులో పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. నూలు అమ్మినవాణ్ణి తిట్టాను, యంత్రాన్ని తిట్టాను, నా చేతుల్నీ తిట్టుకున్నాను.

మరుసటి శుక్రవారం పొద్దున్నే మళ్ళీ అవే తిట్లు మొదలుపెట్టాను. నా గొడవ వింటూ అత్త పెరట్లో పీట మీద కూర్చుని నువ్వుల నూనె మర్దన చేసుకుంటోంది.

"ఎందుకమ్మణీ ఆ నూలును ఆడిపోసుకుంటావు? నూనె ఒంటికి నీ గుడ్డ ఎలా ఆనుతుంది?"

నేను జిడ్డోడుతున్న ఆ వీపు వైపే చూస్తూ ఉండిపోయాను.

"అత్తా, నువ్వు పడ్డవన్నీ శుక్రవారాలేనా?"

చేయి ఆపి ఆలోచించింది. "దేవుడి గదిలో పడింది శుక్రవారం. గేటు దగ్గర పడింది మంగళవారం."

రెండూ మా ఆడవాళ్ళ తలంటు రోజులే; రవిక కుట్టాక అత్త మంగళవారాలు మానేసి శుక్రవారమే పోసుకుంటోంది. ఆసుపత్రి వాళ్ళు మంచం దిగనివ్వలేదు, ఇంక తలంటు ఎక్కడిది? ఫోన్లో చెబితే యాళిని అత్త పడ్డ రోజులన్నీ మళ్ళీ అడిగి రాసుకుంది. తర్వాత అంది, "పొగలు కక్కే నీళ్ళు పోసుకుంటే రక్తమంతా చర్మానికి చేరుతుందక్కా. అలసిన గుండె అప్పుడే మొరాయిస్తుంది."

"అయితే తలంటు మానేస్తే సరి," అన్నాడు మా ఆయన.

"మానేస్తే నా గుండె బాగవుతుందా?" అంది అత్త. "రేపు పొయ్యి ముందు పడితే ఏం చేస్తావు? దొంగ దొరికేదాకా నేను తలంటుకుంటాను."

యాళిని ఒప్పుకుంది, తను పక్కన ఉంటేనే అని షరతు పెట్టి. నేను పట్టీని మందంగా, రొమ్ము కిందికి వచ్చేలా మళ్ళీ అల్లాను. శుక్రవారం అత్త స్నానం కాగానే పట్టీ ఆనే చోటంతా సీకాయలాంటి అరప్పు ఆకు పొడితో జిడ్డు పోయేలా రుద్దాను. గుడ్డ తడిగా ఉంటే గీత ఇంకా బాగా వస్తుందని యాళిని అనడంతో, రవికను తడిపి తొడిగాను.

"చలికి చంపేస్తారర్రా," అని గొణుగుతూ అత్త పరుపు మీద కూర్చుంది. మిరియాల రసం గ్లాసు అందుకుంది. గ్లాసు చేతిలోంచి జారిపోయింది. మనిషి పక్కకి ఒరిగింది. యాళిని ఒక చేత్తో ఆవిడ తల పట్టుకుని, రెండో చేత్తో మెడ దగ్గర నాడి చూస్తోంది. నా చేతిలో ఫోను. అందులో గీత ఒక్క వంకర లేకుండా సాగిపోతోంది. అమ్మా, కొట్టుకోవే అని ఆ గుండెను బతిమాలాను. కొట్టుకుంది. ఒకసారి, ఆగి మరోసారి, ఆ తర్వాత వరసగా.

అత్త కళ్ళు తెరిచింది.

"దొరికిందా?"

"దొరికిందత్తా," అన్నాను. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. వెనక అల్లికవాళ్ళు యంత్రాలు ఆపేసి గుమ్మంలో నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

"ఇక్కడ మీ గుండె ఆగిందమ్మా," అని యాళిని ఫోను చూపించింది. "భుజం కింద చిన్న యంత్రం పెడతాం. ఇది ఆగబోతే అది కొట్టిస్తుంది. ఈ రోజే బయలుదేరదాం."

అత్త ఫోను తీసుకుని, గోడ పక్కన నిలబడి ఉన్న కొడుకు వైపు తిప్పింది. "నాచీ, ఇలా రా. ఈ నాటకం ఎలా ఆడాలో చెప్పు."

ఆ తిన్నని గీత చూసి మా ఆయన తల్లి కాళ్ళ దగ్గర కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. అత్త ఆయన్ని కాసేపు ఏడవనిచ్చింది.

"చాల్లే, లే. రసం ఒలికింది, తుడువు," అంది.

ఆయన భుజం మీది తువ్వాలు తీసి తుడిచాడు.